వెనకగదిలో ఉన్న ఆవిడ

2022 వేసవి. విజయవాడ గవర్నర్‌పేటలో కింద జిరాక్సు షాపు, పైన నా ఆఫీసు. అప్పటికి ఇరవయ్యేళ్లకు పైగా ఇళ్లూ స్థలాలూ కొనేవాళ్లకు లీగల్ ఒపీనియన్ రాస్తున్నాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు. అమ్మేవాడికి ఆ ఇల్లు ఎలా వచ్చింది, అంతకుముందు ఎవరిది, ఎక్కడైనా తాకట్టులో ఉందా, వాటాదారులు ఎవరైనా మిగిలిపోయారా అని కాగితాలన్నీ చదివి, కొనవచ్చనో వద్దనో సంతకం పెట్టి చెప్పడం. అంతే.

నా ముందు కుర్చీలో కూర్చునేవాళ్లు దాదాపు అందరూ భయపడుతూనే ఉంటారు. జీవితంలో ఒక్కసారి కొనే ఇల్లు కదా. వాళ్ల భయం పోగొట్టడమే నా వృత్తి అనుకునేదాన్ని. నేను కూడా భయపడిన కేసు మాత్రం ఇదొక్కటే.

ఆ వేసవిలో వచ్చినవాళ్లు నాంచారయ్య, దుర్గ అనే భార్యాభర్తలు. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె వాళ్లది. నాంచారయ్య తండ్రి చేపల వేటకు వెళ్లేవాడు. ఇతను చేపల వ్యాపారంలోకి దిగి, ఒక వ్యాను కొనుక్కుని, రోజూ తెల్లవారకముందే బందరు వెళ్లి చేపలూ రొయ్యలూ తెచ్చి బెజవాడ హోటళ్లకు వేస్తుండేవాడు. దుర్గ మార్కెట్లో కొట్టు చూసుకునేది. వాళ్లకు బడికెళ్లే ఒక పాప. బెజవాడ వచ్చిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్లు మారడమే వాళ్ల పని.

"వాసనండీ," అంది దుర్గ, ఎందుకు మారారని అడిగితే. "స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అగరొత్తులు ఎలిగించినా ఓనరుగారికి వాసనేనండీ. కిందటి ఇంటావిడ మా పాపనే అడిగిందంట, మీ అమ్మ మంచం కింద చేపలు దాస్తదా అని. అది ఏడుస్తా వచ్చింది. ఇంక సొంత ఇల్లు కొనుక్కుని తీరాలనుకున్నామండీ."

వాళ్లు చూసుకున్న ఇల్లు కొండపల్లి శివార్లలో, రైలు పట్టాలకు కాస్త ఎడంగా ఉంది. ముందు వరండా, రెండు గదులు, వంటిల్లు, పెరటివైపు విడిగా ఇంకో గది. అమ్మేది ప్రసాదరావు గారు. ఏదో ప్రైవేటు కంపెనీలో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మెల్లని మాట. నన్ను మొదటిసారి కలిసినప్పుడు నేను కూర్చునేదాకా ఆయన కూర్చోలేదు.

కాగితాలు బాగానే ఉన్నాయి. స్థలం ఆయన తండ్రి కొన్నది. ఈసీ తీయించాను. అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్టులూ ఏమున్నాయో చూపించే పత్రం. అదీ శుభ్రంగా ఉంది. తండ్రి వీలునామా రాయకుండా పోయారు, తల్లి అంతకుముందే పోయింది. వారసులెవరో చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఒక్క ప్రసాదరావు గారి పేరే ఉంది. నాంచారయ్య అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాడు. ఇక నేను ఒపీనియన్ రాసి ఇవ్వడమే మిగిలింది.

మామూలుగా మేం ఇల్లు చూడటానికి వెళ్లం. మా పని కాగితాలతోనే. కానీ దుర్గ పట్టుబట్టింది. "ఒక్కసారి వచ్చి చూడండి మేడమ్ గారూ. చదువుకున్నోళ్లు చూస్తే మాకు ధైర్యంగా ఉంటది." ఆ వారం ఇబ్రహీంపట్నంలో నాకు వేరే పని ఉంది. వచ్చేటప్పుడు చూసిపోదాంలే అని బయల్దేరాను.

ప్రసాదరావు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. దుర్గ వంటిల్లు చూసి మురిసిపోతోంది, గట్టు ఎత్తు కొలుచుకుంటోంది. పెరట్లోకి వెళ్లేసరికి వెనకగది గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి లోపలికి తప్పుకోబోయింది.

"ఇల్లు చూసుకోవడానికి పెట్టుకున్న మనిషండీ. రిజిస్ట్రేషన్ అవ్వగానే ఖాళీ చేసేస్తుంది," అన్నారు ప్రసాదరావు గారు.

దుర్గ మంచినీళ్లు అడిగితే ఆవిడ తెచ్చి ఇచ్చింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి ఒక ముసలావిడ గట్టిగా కేకేసింది. "ఏమ్మా చిన్నకోడలా! మీకు పంపు వస్తందా? మాకు రావట్లా!"

నీళ్లు తెచ్చినావిడ గోడవైపు చూడకుండా ప్రసాదరావు గారివైపు చూసింది. ఆయన చిన్నగా నవ్వారు. "ఆ పెద్దావిడకు చాదస్తం. అందరినీ అలాగే పిలుస్తుంది."

"మీ పేరేంటమ్మా?" అని అడిగాను. ఆవిడ మళ్లీ ఆయనవైపే చూసింది. ఆయన తల ఊపాక, "సుజాతండీ," అంది.

పేరు చెప్పడానికి కూడా అనుమతి కావాల్సిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం చేస్తున్నా ఆ చూపే కళ్లముందు ఆడింది.

మూడు రోజులాగి, ప్రసాదరావు గారికి చెప్పకుండా, దుర్గను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయన కాపురం బెజవాడలో. ఆ ఇంట్లో ఉండేది సుజాత ఒక్కతే. తలుపు పూర్తిగా తీయలేదు. సందులోంచే మాట్లాడింది.

"అమ్మా, మీరు ఈ ఇంటి చిన్నకోడలేనా?" అని అడిగాను.

"నేనెవర్నీ కాదండీ. వెళ్లిపోండి."

ఎవరూ కానిదానివి ఎందుకేడుస్తున్నావే అక్కా అని దుర్గ అనకపోయి ఉంటే ఆ తలుపు మూసుకునేదే. ఆ మాటకు సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆవిడ భర్త ప్రసాదరావు గారి తమ్ముడు. ఇంట్లో ఇష్టం లేకపోయినా గుళ్లో పెళ్లి చేసుకుని, ఇక్కడే కాపురం పెట్టారు. తండ్రి పోయిన కొన్నాళ్లకే అతనూ జబ్బుచేసి పోయాడు. కూతురు హారిక బందరులో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఫీజులు కట్టేది ప్రసాదరావు గారే.

"మా పెళ్లి రిజిస్టరు కాలేదండీ. చట్టం ముందు నేను పెళ్లాన్నే కాదంట. బావగారు చెప్పారు. కోర్టుకెళితే నన్ను ఏమంటారో, నా కూతురికి తండ్రి పేరు కూడా లేకుండా చేస్తారంట. నోరు మూసుకుంటే దాని చదువు పూర్తవుద్ది."

ఎన్నేళ్లుగానో ఆవిడ ఆ మాటలు నమ్ముతూ బతికింది. గుళ్లో ఆచారం ప్రకారం జరిగిన పెళ్లి పెళ్లేనని, రిజిస్టరు కానంత మాత్రాన చెల్లకుండా పోదని, తండ్రి ఆస్తిలో హారిక వాటాను ఎవరూ కాదనలేరని ఆ తలుపు సందులోంచే చెప్పాను. విన్నదో లేదో తెలియదు. "మీరొచ్చినట్టు ఎవరన్నా చెబుతారండీ. దయచేసి వెళ్లండి," అని తలుపేసేసింది.

ఎవరో చెప్పనే చెప్పారు. మర్నాడు పొద్దున్నే ప్రసాదరావు గారి ఫోను.

"అమ్మా, శ్రమపడి మళ్లీ వెళ్లారట. నాకు చెబితే కారు పంపేవాణ్ణి కదా." అదే మెల్లని గొంతుతో అన్నారు. "మీ అమ్మాయి కానూరు కాలేజీలోనే కదండీ? రోజూ షేర్ ఆటోలో వెళుతుంది. రోజులు బాగాలేవు. పిల్లల విషయంలో మనం జాగ్రత్తగా ఉండాలి."

ఒక్క మాటైనా గట్టిగా అనలేదు. ఫోను పెట్టాక చూసుకుంటే నా చేతులు చల్లబడిపోయి ఉన్నాయి. మా అమ్మాయి ఏ కాలేజీయో ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి దాన్ని నా స్కూటీ మీద దింపి, మళ్లీ నేనే తెచ్చుకున్నాను. ఎందుకమ్మా అంటే ఎండలని చెప్పాను. అద్దంలో వెనక వచ్చే ప్రతి బండినీ చూసేదాన్ని. మా వారు ఒక్కటే మాటన్నారు. "ఆ ఫైలు తిరిగి ఇచ్చేయ్. ఊళ్లో లాయర్లే లేరా?"

ఇచ్చేద్దామనే అనుకున్నాను. కానీ క్లయింట్లకు నిజం చెప్పకుండా ఎలా ఇస్తాను? ఇద్దర్నీ పిలిచి, కొనవద్దని చెప్పాను.

నాంచారయ్య ముఖం మాడిపోయింది. "సర్టిఫికెట్‌లో ఆవిడ పేరు లేదు గదండీ. మనకేటి సంబంధం? ఆళ్లూ ఆళ్లూ చూసుకుంటారు."

"సర్టిఫికెట్‌లో పేరు రాయించకపోతే వాటా పోదు నాంచారయ్యా. ఆయన అమ్మగలిగేది ఆయన సగమే. ఈరోజు ఆవిడ నోరు విప్పకపోవచ్చు. రేపు ఆ పిల్ల విప్పితే కోర్టు చుట్టూ తిరగాల్సింది నువ్వు."

అసలు సంగతి దుర్గ చెప్పింది. రెండు రోజుల కిందట మార్కెట్ బయట వాళ్ల వ్యాను టైర్లు నాలుగూ ఎవరో కోసేశారు. ఐసు కరిగి సరుకంతా పాడైపోయింది. సాయంత్రం ప్రసాదరావు గారు ఫోను చేసి, రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందామని ఎంతో మర్యాదగా అడిగారట. "కొంటే ఒక భయం, మానితే ఒక భయం అయిపోయిందండీ మా బతుకు," అంది.

ఆ వారంలోనే ప్రసాదరావు గారు సుజాతను వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చారు. అప్పుడు దుర్గ కూడా అక్కడే ఉంది. ఆవిడకు హక్కేమీ లేకపోయినా మీ అనుమానం తీరడానికి హక్కు విడుదల పత్రం రాయించి ఇస్తానన్నారు. అంటే, నాకు ఈ ఆస్తిలో ఏ వాటా అక్కర్లేదని రాసి రిజిస్టరు చేయడం.

"ఆవిడకు ఇష్టమేనండీ. కావాలంటే మీరే అడగండి."

"ఇష్టమేనండీ," అంది సుజాత, నేనింకా అడగకముందే. కుర్చీ అంచును రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"మీరు కాసేపు బయట కూర్చుంటే ఆవిడతో విడిగా మాట్లాడతాను," అన్నాను.

"పర్వాలేదమ్మా. ఆవిడ భయస్తురాలు. నేనుంటేనే మాట్లాడుతుంది." కదల్లేదు.

ఆఫీసులో నా కుర్చీలో నేను కూర్చుని, ఒక మనిషిని బయటికి వెళ్లమని రెండోసారి చెప్పలేకపోయాను. చెప్పగలిగింది ఒక్కటే. "హారిక మేజరు. ఆ అమ్మాయి సంతకం కూడా లేకపోతే ఈ పత్రం పనికిరాదండీ."

మొదటిసారి ఆయన నవ్వు ఆగింది. "చిన్నపిల్లను ఇందులోకి లాగకండి," అని లేచారు. సుజాత ఆయన వెనకే మెట్లు దిగిపోయింది.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా దుర్గ కిటికీలోంచి చూసింది. తర్వాత, "ఆ పిల్ల ఉండేది బందరులోనే గదండీ," అంది. నేను పొమ్మనలేదు, వద్దనలేదు.

మర్నాడు నాంచారయ్య వ్యాను ఎక్కి దుర్గ బందరు వెళ్లింది. హాస్టల్ ఏదో కనుక్కుని హారికను కలిసింది. తల్లి దేనికి భయపడుతోందో ఆ పిల్లకు అసలు తెలియదు. పెదనాన్న దయతో చదువుకుంటున్నానని నమ్మి, పండక్కి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టుకునే పిల్ల. అంతా విని, హాస్టల్లో సెలవు చెప్పి, అదే వ్యానులో చేపల పెట్టెల ముందు, వీళ్లిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని వచ్చేసింది. తిన్నగా కొండపల్లి వెళ్లి తల్లిని తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నా చదువు కోసం సంతకం పెట్టకు. ఫీజు సంగతి నేను చూసుకుంటా. నీకు పెట్టాలని ఉందా, లేదా? అది చెప్పు," అంది హారిక.

సుజాత నేలచూపులు చూస్తూనే, "లేదు," అంది. ఆ మాట నాకు సరిగా వినిపించలేదు కూడా. హారికకు వినిపించింది.

ఇక్కడ మా వృత్తిలో ఒక ధర్మం ఉంది. నేను కొనేవాళ్ల లాయరును. అదే ఇంటి గొడవలో సుజాత తరఫున నేనే నిలబడకూడదు. ఆడవాళ్లకు కోర్టులో ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఆ దారిలో నా స్నేహితురాలొకామె ఆ కేసు తీసుకుంది. ఇంటిని వాటాలు వేసి పంచమని భాగపంపిణీ దావా, అది తేలేదాకా ఇల్లు ఎవరికీ అమ్మకుండా, సుజాతను ఖాళీ చేయించకుండా ఆపే ఉత్తర్వు కోసం దరఖాస్తు. అవి తయారై కోర్టు ముందుకు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులే గండం. సుజాత ఆ గది వదిలి వెళ్లకూడదు. వెళితే, అసలు ఎప్పుడూ ఇక్కడ లేదనేస్తారు. ఒక్కతే ఉండాలంటే వణికిపోతోంది. హారికకు పరీక్షలు.

"నేనెళ్లి కూర్చుంటా," అంది దుర్గ. కొట్టు ఆడపడుచుకు అప్పజెప్పి, ఒక చాప చుట్టుకుని, కొనాలనుకున్న ఇంటి వెనకగదికి వెళ్లింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నాకు దుర్గ ఫోను వచ్చింది. ఎత్తితే దుర్గ మాట్లాడలేదు. ఎక్కడో కొడుతున్న చప్పుడు. ఇనుముతో చెక్కను కొడుతున్నట్టు. ఆ తర్వాత ప్రసాదరావు గారి గొంతు, ఎప్పటిలాగే మెల్లగా. "తలుపు పాతబడిపోయిందమ్మా. మార్పిస్తున్నాను. నువ్వు కొనడానికి వచ్చినదానివి. నీకెందుకు ఇదంతా? నీ పాప బడినుంచి వచ్చే వేళయింది కదా."

దుర్గ జవాబు నాకు స్పష్టంగా వినిపించింది. "ఈ ఇల్లు కొంటే ఈవిడ్ని గెంటాల్సింది నేనే గదండీ. మమ్మల్ని గెంటినోళ్లని చాలామందిని చూశాను. నేను అట్టా కాలేను."

ఏదో పెద్దగా కూలిన చప్పుడు. ఫోను ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

పోలీసులకు చెప్పి, నాంచారయ్యను పాప బడికి పంపి, నా స్నేహితురాలిని తీసుకుని ఆటోలో బయల్దేరాను. నా మూలాన ఒక మనిషికి ఏమైనా అయితే ఆ చిన్నపిల్లకు ఏం చెప్పాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. ఇబ్రహీంపట్నం దగ్గర లారీలు అడ్డం పడి ఆటో ఆగిపోతే, దిగి పరుగెత్తాలనిపించింది.

వెళ్లేసరికి వెనకగది తలుపు పెరట్లో పడి ఉంది. తలుపు లేని గుమ్మంలో దుర్గ అడ్డంగా కూర్చుని ఉంది. ఆమె వెనక సుజాత. గోడ అవతలి ముసలావిడ, ఆ వీధి ఆడవాళ్లంతా పెరట్లో చేరారు. పోలీసులు వచ్చే సూచన చూసి, ప్రసాదరావు గారు, ఆయన తెచ్చిన మనుషులు అప్పటికే వెళ్లిపోయారు. తలుపు కూలినప్పుడు ఫోను కిందపడి పగిలిందట. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎంత ధైర్యం దుర్గా నీకు!" అన్నాను.

"ధైర్యమా నా మొహమా! కాళ్లు ఆడలేదు మేడమ్ గారూ. నిలబడలేక కూర్చున్నాను." పాప ఇంటికి చేరిందని నాంచారయ్య నాకు ఫోను చేసి చెప్పేదాకా ఆమె ఆ గుమ్మంలోంచి లేవలేదు.

కోర్టు ఉత్తర్వు ఆ వారమే వచ్చింది. తలుపు మళ్లీ బిగించారు. దావా ఏడాదికి పైగా నడిచి రాజీకి వచ్చింది. ఇల్లు రెండు భాగాలైంది. పెరటివైపు సగం సుజాతకూ హారికకూ దక్కింది. రాజీపత్రం మీద సంతకం పెట్టేముందు, ఇది మీ ఇష్టంతోనే చేస్తున్నారా అని జడ్జిగారు అడిగారట. సుజాత తల తిప్పి ఎవరివైపూ చూడకుండా, అందరికీ వినపడేలా, ఇష్టంతోనే అని చెప్పిందని నా స్నేహితురాలు చెప్పింది. హారిక ఇప్పుడు ఒక ఆసుపత్రిలో నర్సు.

నాంచారయ్య వాళ్ల అడ్వాన్సు నోటీసుల మీద నోటీసులు పంపగా కొంత వచ్చింది, కొంత రాలేదు. ఇంకో రెండేళ్లు అద్దె ఇంట్లోనే ఉన్నారు. తర్వాత పోరంకి అవతల, కాలవ దగ్గర చిన్న ఇల్లు దొరికింది. ఆ కాగితాలూ నేనే చూశాను. రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా చాలా రోజులు గేటు చప్పుడైతే ఎవరో వచ్చి ఈ ఇల్లు మాదంటారేమోనని గుండె ఝల్లుమనేదని దుర్గ చెప్పింది. అది మెల్లగా తగ్గిందట. ప్రసాదరావు గారు మాకెవరికీ మళ్లీ ఫోను చేయలేదు. అయినా తెలియని నంబరు నుంచి ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే నాకిప్పటికీ అరచేతులు చల్లబడతాయి.

ఈ కేసు నా భయాన్ని పోగొట్టలేదు. భయం ఎక్కడుందో వెతకడం మాత్రం నేర్పింది. కాగితాలు ఎంత శుభ్రంగా ఉన్నా ఇప్పుడు నేను ఇంటికి వెళతాను. అన్ని గదులూ తిరుగుతాను. ఎండన పడి ఇదంతా ఎందుకు మేడమ్, కాగితాలున్నాయిగా అని కొందరు విసుక్కుంటారు. కాగితాల్లో కనిపించేది అమ్మేవాడు చూపించాలనుకున్న ఇల్లే. ఆ ఇంట్లో మాట్లాడటానికి జంకే మనిషి ఒక్కరున్నా, వాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడేదాకా నేను సంతకం పెట్టను.